రంగు చూసి కొనే కూలెంట్

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ దించిన ఒక లారీ. సంప్‌లో ఉన్న ఆయిల్ నల్లగా లేదు, విరిగిన పాలతో పెట్టిన టీలా ఉంది. నీళ్లు కలిశాయి. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుందనుకున్నాడు ఓనర్. మేస్త్రీ మాట్లాడకుండా ఒక లైనర్ ఊడదీసి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. లోపలి గోడ నున్నగా మెరుస్తోంది. బయటి గోడ మీద మాత్రం, ఒకే పక్కన, పైనుంచి కిందికి వరసగా గుంటలు. పురుగు తొలిచిన వంకాయ మీద ఉన్నట్టే ఉన్నాయి. వాటిలో ఒకటి అవతలికి తేలింది, సూది మొన పట్టేంత కన్నం.

"ఇది ఉత్త తుప్పు కాదండీ. ఇంతకీ ఏ కూలెంట్ పోశారు?"

"పచ్చదే పోశాం మేస్త్రీ."

తంటా అంతా ఆ జవాబులోనే ఉంది. పచ్చ, ఎరుపు, నీలం, పసుపు అన్నీ కలిపిన రంగులే. ఏ రంగు ఏ రకానికన్న కట్టుబాటు లేదు. ఒకప్పుడు పచ్చదంటే పాత రకం కూలెంట్ అనే గుర్తుండేది. ఇప్పుడు ఒక కంపెనీ ఎర్రదీ మరో కంపెనీ ఎర్రదీ పూర్తిగా వేరే మందులతో తయారవుతుండవచ్చు.

ఆ గుంటలు ఎలా పడతాయో తెలిస్తే కూలెంట్ పని ఏమిటో తెలుస్తుంది. భారీ డీజిల్ ఇంజన్లు చాలావాటిలో వెట్ లైనర్లుంటాయి. వాటి బయటి గోడకు కూలెంట్ నేరుగా తగులుతుంది. డీజిల్ మండినప్పుడల్లా పిస్టన్ లైనర్‌ను ఒక పక్కకు కొడుతుంది, లైనర్ గుడి గంటలా అదురుతుంది. గోడ చటుక్కున వెనక్కి జరిగిన చోట ఒత్తిడి పడిపోయి కూలెంట్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. గోడ తిరిగి రాగానే అవి చితికిపోతాయి. ఒక్కో బుడగా చితికేటప్పుడు ఇనుము మీద చిన్న సుత్తి దెబ్బ పడినట్టే. ఇంజన్ 2000 ఆర్‌పీఎం మీద ఉంటే ఒక్కో సిలిండర్‌లో నిమిషానికి 1000 సార్లు డీజిల్ మండుతుంది. ఇక ఎన్ని దెబ్బలో లెక్క వేసుకోవచ్చు.

ఆ దెబ్బ కాచుకునేది కూలెంట్‌లోని మందు. నైట్రైట్, మాలిబ్డేట్ లాంటివి లైనర్ మీద సన్నటి పొరలా కడతాయి. దెబ్బకు పొర ఊడుతుంది, మళ్లీ కడుతుంది, ఇనుము మిగులుతుంది. అలా కట్టీ కట్టీ మందు తరిగిపోతుంది కాబట్టే పాత రకాల్లో టెస్ట్ స్ట్రిప్ ముంచి చూసి, అవసరమైతే మందు విడిగా కలుపుతారు. సేంద్రియ ఆమ్లాలతో చేసిన కొత్త రకాలు ఎక్కువ కాలం నిలుస్తాయి. కారు కోసం చేసిన కూలెంట్‌లో లైనర్‌ను కాచే ఈ మందు లేకపోవచ్చు. అక్కడే లారీ మోసపోతుంది.

"మనకి గడ్డకట్టే చలెక్కడిది, కూలెంట్ ఎందుకు?" అనే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. నిజమే, మనకు చలంటే లంబసింగి. కానీ నీళ్లూ, కూలెంట్‌లో ఉండే గ్లైకాలూ సగం సగం కలిస్తే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టకపోవడమే కాదు, మరిగే వేడి కూడా 107 డిగ్రీల దాకా పెరుగుతుంది. రేడియేటర్ మూత పట్టి ఉంచే ఒత్తిడితో ఇంకా పైకి పోతుంది. మే నెలలో లోడుతో ఘాట్ ఎక్కే బండికి కావలసింది అదే. అలాగని గ్లైకాల్ ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోకూడదు. వేడిని మోయడంలో దానికంటే నీళ్లే మెరుగు.

ఆ సగం నీళ్ల సంగతి ఎవరికీ పట్టదు. దాబా దగ్గర బోరు నీళ్లు పట్టి పోసేస్తారు. వాటిలోని సున్నం ఇంజన్‌లో బాగా వేడెక్కే చోటే పెచ్చు కడుతుంది, క్లోరైడ్లు అల్యూమినియాన్ని తింటాయి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. లేదంటే కలిపి అమ్మే రెడీమిక్స్.

మరి డబ్బా మీద ఏం చూడాలి? ముందు బండి మాన్యువల్లో కంపెనీ ఏ ప్రమాణం రాసిందో చూడాలి. అదే నంబరు డబ్బా మీద ఉండాలి. ఏఎస్‌టీఎం డీ 6210 భారీ డీజిల్ ఇంజన్ల కోసం, డీ 3306 కార్లూ తేలికపాటి బళ్ల కోసం. మన దేశపు ప్రమాణం ఐఎస్ 5759. కొన్ని ఇంజన్లకు నైట్రైట్ అసలు వద్దంటారు, అందుకే పక్క లారీకి పోసింది మన లారీకి సరిపోతుందనుకోవడానికి లేదు. నంబరేమీ లేకుండా "అన్ని వాహనాలకూ" అని మాత్రమే రాసిన డబ్బాను షాపులోనే వదిలేయడం మేలు. పాతదాని మీద వేరే రకం పోస్తే ఎక్కువ కాలం నిలిచే గుణం పోతుంది, ఒక్కోసారి బురదలా పేరుకుని రేడియేటర్ పూడుకుపోతుంది.

దించిన కూలెంట్ విషయంలోనూ ఒక మాట. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. మురికి కాల్వలో పారబోయకండి, కుక్కలు నాకుతాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి క్యాబిన్‌లో అసలే పెట్టకండి.

ఆ లారీకి ఆరు లైనర్లూ మార్చారు. బండి షెడ్డు దాటేముందు మేస్త్రీ కూలెంట్ ట్యాంకు మీద తెల్ల పెయింటుతో మూడు లైన్లు రాయించాడు: కూలెంట్ నంబరు, పోసిన తేదీ, కిలోమీటర్లు. నాలుగో లైను క్లీనర్ అడిగి మరీ రాయించుకున్నాడు: "బోరు నీళ్లు పోయరాదు".