కలలోని తుపాకీ, నోట్లోని మాట

మూడో తరగతిలో దాహమేసి ‘ఏరు’ కావాలన్నాను. మా కోయలో ఏరంటే నీళ్లు, తెలుగులో వాగు. తరగతంతా నవ్వింది. ఆ ఏడంతా నేను మళ్లీ నీళ్లడగలేదు. వీడికి ఆత్మన్యూనత అని సారు మా నాన్నకు చెప్పారు. నాన్నకు ఆ మాట అర్థం కాలేదు. ఏదో జబ్బనుకున్నాడు.

ఆ మాటను నిలదీసిన పుస్తకం 1952లో ఫ్రాంజ్ ఫానన్ రాసిన ‘నల్ల చర్మం, తెల్ల ముసుగులు’. ఫ్రెంచి వలస మార్టినిక్‌లో పుట్టిన ఈ నల్లజాతి మానసిక వైద్యుడు మొదటి అధ్యాయమే భాష మీద పెట్టాడు. అక్కడ ఇంటి భాష క్రియోల్, బడి భాష ఫ్రెంచి. కాస్త కలిగిన ఇళ్లలో పిల్లలు క్రియోల్ మాట్లాడితే తల్లులే కసిరేవారు. దీవివాళ్లు ‘ర’ మింగేస్తారని పేరు. అందుకని ఫ్రాన్సు వెళ్లిన కుర్రాడు గది తలుపులు వేసుకుని ‘ర’ పలకడం సాధన చేసేవాడు. తిరిగొచ్చాక క్రియోల్ రానట్టే ఉండేవాడు. హాస్టలు నుంచి సెలవులకొచ్చిన మనవాళ్లు గుర్తుకు రావడం లేదూ!

ఈ సిగ్గు పుట్టుకతో వచ్చేది కాదంటాడు ఫానన్. మనోవిశ్లేషకుడు ఒక్టావ్ మనోనితో అతని తగాదా అక్కడే. మడగాస్కర్ ప్రజల్లో పరాధీన స్వభావం తెల్లవాళ్లు రాకముందే ఉందని మనోని రాశాడు. అక్కడివారి కలల్లోకి తుపాకుల సిపాయిలొస్తే, వాటికి చిన్ననాటి భయాల అర్థాలు తీశాడు. 1947 తిరుగుబాటును ఫ్రెంచి సైన్యం ఎంత నెత్తురుతో అణచిందో గుర్తుచేసి, కలలోని తుపాకీ నిజం తుపాకీయేనన్నాడు ఫానన్. మనసును చదవొద్దనలేదు, చుట్టూ ఏం జరిగిందో చూసి చదవమన్నాడు. పుస్తకం మొత్తంలో మన టీచర్లకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

అయితే నాకొక పేచీ ఉంది. ఫానన్ పేజీల్లో క్రియోల్ ఎక్కువగా సిగ్గుపడే భాషగానే కనబడుతుంది. అందులో జోలపాడినవాళ్లు, తిట్టుకున్నవాళ్లు, పగలబడి నవ్వినవాళ్లు అంతగా కనబడరు. గాయం చూపించాడు గానీ, ఆ నోటికున్న బలం చూపించలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలైంది, వాచకాలూ వచ్చాయి. ఈమధ్య ఒక బడిలో కోయ వాచకాలు బీరువాలో కనిపించాయి. ఎందుకు తీయలేదని అడిగితే, “పిల్లలకే ఇష్టం లేదండీ” అన్నారు టీచరమ్మ. బయట ఆ పిల్లలే, అవుటా కాదా అని కోయలో గొంతు చించుకుని పోట్లాడుకుంటున్నారు.