పాలపొడి కోవా

"పొడితోని చేస్తే అది కోవానేనా అక్కా?" గజ్వేల్‌లో ఒకామె అడిగింది. ఆమెది తొగుట మండలం వేములఘాట్. ఆ ఊరిప్పుడు 50 టీఎంసీల మల్లన్నసాగర్ కింద ఉంది. 2022 ఫిబ్రవరిలో రిజర్వాయర్ ప్రారంభమయ్యేనాటికే ఊరంతా గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీకి చేరింది. ఇళ్లయితే కట్టారు. కొట్టం, గడ్డివాము, మేపుకునే పొలంగట్టు కాలనీలో ఎక్కడివి? బర్రెలు దూరమైన ఇంట్లోకి ప్యాకెట్ పాలొస్తాయి. లీటరు చిక్కటి బర్రెపాలు మరిగించి మరిగించి దగ్గరికి తెచ్చినా పావుకిలో కోవా రాదు. టోన్డ్ పాలతో ఇంకా తక్కువ. అందుకే పండగకు పాలపొడి.

కోవానే చెల్లీ, అనుమానం వద్దు. కడాయిలో మనం చాలామటుకు ఇగిరించే నీటిని డెయిరీవాళ్లు దాదాపు పూర్తిగా తీసేస్తారు, అంతే. పాలను ముందు చిక్కబరిచి, వేడిగాలి తిరిగే పెద్ద గదిలోకి తుంపరగా చల్లితే పొడై రాలుతుంది. బర్రెపాలకు ఇది కుదరదని అప్పట్లో విదేశీ నిపుణులు తేల్చేశారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955లో ప్రారంభమైన అమూల్ డెయిరీ ఆ పద్ధతి మీదే నిలబడింది. అమూల్‌ను నడిపించిన కురియన్ పేరు తెలిసినంతమందికి దలాయా పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక పని. గులాబ్ జామున్‌కు కప్పు పాలపొడి, పావు కప్పు మైదా, చెంచా నెయ్యి, చిటికెడు వంటసోడా. పాలు చెంచా చెంచాగా పోస్తూ మునివేళ్లతో కలపాలి. మైదా ఉంది కాబట్టి చపాతీ పిండిలా మర్దించకూడదు. ముద్ద చేతికి జిగురుగా అంటుతుంది. అప్పుడే చాలామంది కంగారుపడి ఇంకాస్త పొడి గుమ్మరిస్తారు. వద్దు. తడిగుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయండి. పొడి తడిని నిదానంగా పీల్చుకుంటుంది, ముద్ద దానంతటదే గట్టిపడుతుంది. తొందరపడితే జామున్ ఎంతసేపు పాకంలో నానినా నడుమ గట్టిగా ఉండిపోతుంది.

వేయించేటప్పుడు మంట సన్నగా ఉండాలి. పాలల్లోని చక్కెర, మాంసకృత్తులు వేడికి కలిసి ఇట్టే ఎర్రబడతాయి. నూనె కాగిపోతే పైన రంగు వచ్చేస్తుంది, లోపల పచ్చి. పాలపొడి వేసిన బన్ను పైపొర నిగనిగలాడేదీ చాలామటుకు ఇందువల్లే. టీ కోసం అమ్మే డెయిరీ వైట్‌నర్‌లో సాధారణంగా పంచదార కూడా కలుపుతారు. అది జామున్‌కు పనికిరాదు, ఇంకా త్వరగా మాడుతుంది. ప్యాకెట్ వెనక చదివి కొనండి.

పెరుగుకూ పొడి అక్కరకొస్తుంది. అర లీటరు ప్యాకెట్ పాలల్లో రెండు చెంచాల పొడి ఉండలు లేకుండా కలిపి, మరిగించి, గోరువెచ్చగా తోడేస్తే పెరుగు గడ్డలా తోడుకుంటుంది, గరిటెకు ముక్కలా తెగుతుంది. బర్రెపాల మీద కట్టే వేలి మందం మీగడ మాత్రం దీంతో రాదు. దానికి బర్రె ఉండాలి. కాలనీ అంచున ఉమ్మడి కొట్టాలకు, పచ్చిగడ్డికి కాస్త జాగా చూపించమని నేను అడుగుతున్నది అందుకే.