ఎర్ర అద్దంలోంచి చూస్తే

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' మళ్ళీ థియేటర్లకొస్తే పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. 1991లో అది మొదటిసారి వచ్చినప్పుడు మేమే పిల్లలం. కాలయంత్రాన్ని చూసి మావాళ్ళు కిసుక్కున నవ్వారు. ఇప్పటి గ్రాఫిక్సు మరిగిన కళ్ళు, నవ్వక ఏం చేస్తాయి. మేం నవ్వలేదు. ఆ రోజుల్లో ఉన్న సరంజామాతో సింగీతం శ్రీనివాసరావు చేసిన పని చిన్నది కాదు. ఆ యంత్రం కదులుతుంటే ఇప్పటికీ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంటాం.

ఈసారి మాత్రం ఇంకో సంగతి మమ్మల్ని వదల్లేదు. యంత్రం 1526లో ఆగుతుంది. శ్రీకృష్ణదేవరాయల కాలం. 1526 అంటే మా బళ్ళో ఇంకో పాఠం. పానిపట్టు, బాబరు. సారు ఆ పేరు పలికినప్పుడల్లా ముందు బెంచీల తలలన్నీ తిరిగి మమ్మల్ని చూసేవి. బాబరు మాకేదో మేనమామ అయినట్టు. అలాంటి ఏడాది సినిమాలో తెలుగు రాజు కొలువై తెరుచుకుంటే మాకెంత హాయనిపించిందో చెప్పలేం. తెనాలి రామకృష్ణుడుగా చంద్రమోహన్ వచ్చినప్పుడల్లా పడీ పడీ నవ్వాం. ఆ కొలువు మాది కూడా అనుకునే చప్పట్లు కొట్టాం.

అలా అనుకోవడంలో తప్పేమీ లేదని తర్వాత చదువుకుంటే తెలిసింది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయల సైన్యంలో ముస్లిం సిపాయిలున్నారని రాశాడు. సినిమా కొలువులో వాళ్ళ ఊసు లేదు. పోనీ, యంత్రాన్ని ఇంకో ఇరవై ఏళ్ళు ముందుకు జరిపితే? 1543లో గోల్కొండ గద్దె అన్న జంషీద్ చేతికి పోతే, ఇబ్రహీం ప్రాణాలరచేత పెట్టుకుని పారిపోయి విజయనగరంలోనే తలదాచుకున్నాడు. ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు. 1550లో తిరిగొచ్చి కుతుబ్‌షా అయ్యాక తెలుగు కవుల్ని పోషించాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఇబ్రహీం అన్న పేరు నోరు తిరగలేదో, ముద్దొచ్చిందో, కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అదే ఇబ్రహీం 1565లో విజయనగరం మీదికి నడిచిన సుల్తానుల్లో ఒకడు కూడా. దాన్ని దాచమని మేమనం. అన్నం పెట్టిన ఇంటి మీదికి కత్తెత్తిన మనిషి, ఆ చేత్తోనే తెలుగు కావ్యం అందుకున్న మనిషి. సినిమాకు ఇంతకంటే కథేం కావాలి?

సింగీతం వినోదం కోసం తీశారు, మమ్మల్ని నొప్పించాలని కాదు. అది మాకూ తెలుసు. కానీ కాలమంతా గుప్పిట్లో ఉన్నప్పుడు బండి ఎక్కడ ఆపుతామన్నది ఊరికే జరిగేది కాదు. ఆగని స్టేషన్లలో నిలబడ్డవాళ్ళు కిటికీలోంచి కూడా కనపడరు.

కనపడకపోవడం గురించే తీసిన సినిమా ఇంకొకటుంది. 1987లో వచ్చిన 'మిస్టర్ ఇండియా'. శేఖర్ కపూర్ తీశాడు. సలీం, జావేద్ కలిసి రాసిన ఆఖరి సినిమా. మొగాంబో సంతోషపడే ఆ డైలాగు మా వాడలో అనని పిల్లాడు లేడు. అయితే మేమిప్పుడు మాట్లాడేది మొగాంబో గురించి కాదు, ఆ చేతి గొలుసు గురించి.

అదృశ్య మనిషి ఇంగ్లీషువాళ్ళ సరుకు. హెచ్.జి. వెల్స్ 1897 నవలలోనూ, 1933లో జేమ్స్ వేల్ తీసిన సినిమాలోనూ అతను మదమెక్కి మనుషుల్ని చంపుతాడు. హిందీ గడప తొక్కేసరికి బుద్ధిమంతుడైపోయాడు. అనాథ పిల్లల్ని సాకే అరుణ్ వర్మ, గొలుసు పెట్టుకోగానే మాయమై మిస్టర్ ఇండియా అవుతాడు. మేం చిన్నప్పుడు గమనించని కిటుకు ఇక్కడుంది. కనిపించినంతసేపూ అతనికి ఇంటిపేరుంది. ఆ పేరు వెనక కులం, మతం అన్నీ ఉన్నాయి. దేశం పేరు పెట్టుకోవాలంటే ముందు ఒళ్ళు మాయం కావాలి. ముఖం, గడ్డం, టోపీ, బొట్టు, ఏదీ కనపడకూడదు. అప్పుడే అతను అందరివాడు. ఈ ఊహ ఇద్దరు ముస్లిం రచయితల కలం నుంచి వచ్చిందంటే మాకు ఆశ్చర్యం లేదు. వాళ్ళు కావాలని రాశారని మేం చెప్పబోవడం లేదు. కానీ కాగితం మీద పడింది.

(అందులో శ్రీదేవి మా లాగే విలేకరి. ఆమె చేసే పనులు మా ఆఫీసులో ఎవరైనా చేస్తే సాయంత్రానికే ఇంటికి పంపిస్తారు. అది వేరే సంగతి.)

గొలుసుకొక లోపముంది. ఎర్ర వెలుతురు పడితే, ఎర్ర అద్దంలోంచి చూస్తే, మనిషి దొరికిపోతాడు. పదిహేనేళ్ళ కిందట అద్దె ఇంటి కోసం ఒకాయనకు ఫోన్ చేశాం. మా తెలుగుకు మురిసిపోయాడు. గోదావరి వైపా అండీ అన్నాడు. నీళ్ళెప్పుడొస్తాయో, కరెంటు మీటరు ఎవరిదో, పెరట్లో కరివేపాకు ఎంత గుబురుగా ఉంటుందో అన్నీ చెప్పాడు. ఆ పది నిమిషాలూ మేం మిస్టర్ ఇండియా. చివర్లో పేరడిగాడు. చెప్పాం. కాసేపు అవతల చప్పుడు లేదు. 'మా తమ్ముడొస్తానన్నాడండీ, మర్చేపోయా' అన్నాడు. ఆ కరివేపాకు చెట్టు మాకింకా గుర్తొస్తుంటుంది.

అమెరికావాళ్ళ సూపర్‌మాన్‌ది కూడా ఇలాంటి బతుకే. 1938లో అతన్ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ యూదు వలస కుటుంబాల పిల్లలు. వాళ్ళ హీరో వేరే గ్రహం నుంచి వచ్చాడు, కాల్-ఎల్ అన్న అసలు పేరు దాచుకుని క్లార్క్ కెంట్‌గా పత్రికాఫీసులో తల వంచుకుని పనిచేస్తాడు. 1978 సినిమాలో క్రిస్టఫర్ రీవ్ కళ్ళజోడు సవరించుకుంటూ తడబడుతుంటే జనం నవ్వారు. మాకు నవ్వు రాలేదు. కొత్త చోట నలుగుర్లో పేరు చెప్పేముందు మేమూ అలాగే సవరించుకుంటాం.

1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మాన్' అయ్యాడు. తెలుగులో ఆ బలం గ్రహాంతరాల నుంచి రాదు, ఆంజనేయుడిస్తాడు. 'మిస్టర్ ఇండియా'లో కూడా కనపడని మనిషి రౌడీల్ని తన్నేది ఆంజనేయుడి విగ్రహంతోనే. మాకేం అభ్యంతరం లేదు, ఈలలు కూడా వేశాం. ఈ దేశంలో సైన్సు కథకు కూడా దేవుడి పూచీకత్తు కావాలి. అలాగైతే మా వైపు పూచీ ఎవరు? 'దీవార్'లో 786 బిళ్ళ ఉంది. గుడి మెట్లెక్కని విజయ్‌ని తూటా నుంచి కాపాడుతుంది. అది చెయ్యి జారిన రోజున చచ్చిపోతాడు. అయినా బిళ్ళ మాది, హీరో మావాడు కాదు.

'కూలీ'లో అయ్యాడు. 1983 సినిమా. ఇక్బాల్ చేతికి 786 బిళ్ళ, తోడుగా డేగ. షూటింగులో, 1982 జులైలో, అమితాబ్ చావు దాకా వెళ్ళొచ్చాడు. దెబ్బ తగిలిన చోట సినిమాను ఆపి చూపిస్తారు. చివర్లో చచ్చిపోవాల్సిన ఇక్బాల్‌ను మన్మోహన్ దేశాయ్ బతికించాడు. హాజీ అలీ దర్గా దగ్గర తూటాలు దిగుతున్నా పైపైకి ఎక్కుతాడు, దర్గా చాదర్ వచ్చి ఒంటికి చుట్టుకుంటుంది. కథగా చూస్తే అతుకుల బొంత. అల్లాటప్పా పాటలు, నమ్మలేని కలయికలు. విమర్శకుడి కుర్చీలో కూచుని దాన్ని మంచి సినిమా అనలేం. కానీ పేరు దాచుకోకుండా, ఒళ్ళు మాయం చేసుకోకుండా పైకి ఎక్కిన హీరో మాకు అతనొక్కడే.

అద్దె వీసీఆర్ మీద అది చూసిన మర్నాడు మేం అమ్మీ ఆకుపచ్చ దుపట్టా మెడకు కట్టుకున్నాం. పక్కింటి పిల్లాడు వాళ్ళ నాన్న తువ్వాలు కట్టుకుని ఎన్టీఆర్ అయ్యాడు. ఇద్దరం మసీదు వెనక గోడ మీంచి దూకాం. వాడు సరిగ్గా దిగాడు. మాకు మోకాలు చీరుకుపోయింది. అమ్మీ దుపట్టా చిరిగినందుకు ముందు తన్ని, తర్వాత పసుపు పెట్టింది.