చెట్టు కింద ఊరు

థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లగానే పెన్సిల్వేనియా, మేరీల్యాండ్ రాష్ట్రాల్లో చాలా ఇళ్ల అటకల మీంచి రెండు రకాల పెట్టెలు దిగుతాయి. ఒకదాంట్లో క్రిస్మస్ చెట్టుకు కట్టే దీపాలు, గాజు గోళాలు ఉంటాయి. రెండో దాంట్లో ఓ ఊరే ఉంటుంది: అట్ట ఇళ్లు, చర్చి, స్టేషను, పుల్లల కాళ్ల మీద నిలబడే ఉన్ని గొర్రెలు, చెరువుగా పనికొచ్చే అద్దం ముక్క. వాటికింద పాత తువ్వాల్లో చుట్టి పెట్టిన రైలింజను. మన బొమ్మల కొలువు ఎరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఏటా అవే బొమ్మలు, ఏటా ఒకటో రెండో కొత్తవి, అమర్చేటప్పుడు ఇంటిల్లిపాదీ తలో మాట, పూర్తయ్యాక ఇరుగుపొరుగును పిలిచి చూపించుకోవడం. తేడా ఒక్కటే, ఇక్కడ బొమ్మల మధ్యలోంచి రైలు తిరుగుతుంది.

మోడల్ రైళ్లంటే ప్రాణం పెట్టే పెద్దమనుషుల్లో కొందరికి ఈ పండగ రైలంటే చిన్నచూపు. వాళ్ల లెక్కలో రైలు పెట్టె మీద రివెట్లు తక్కువైనా తప్పే, స్టేషను గుమ్మం రెండు మిల్లీమీటర్లు పొడుగైనా తప్పే. అది వేరే విద్య. పట్టాలూ ఊరూ కలిపి పేర్చే పండగ లేఅవుట్‌కు వేరే నియమం ఉంది. శని, ఆదివారాల్లో లేచి నిలబడాలి, నెల రోజులు పిల్లల చేతుల్ని తట్టుకోవాలి, జనవరిలో చెక్కు చెదరకుండా పెట్టెల్లోకి వెళ్లిపోవాలి. దీని మెళకువల్లో చాలామటుకు ఈ మూడో అవసరంలోంచే పుట్టాయి.

మూలం వెతికితే రైలు కంటే ఊరే పాతది. మొరేవియన్ క్రైస్తవులు 1741లో పెన్సిల్వేనియాలో ఓ ఊరు కట్టుకున్నారు. ఆ ఏడు క్రిస్మస్ ముందురాత్రి కౌంట్ జిన్‌జెండార్ఫ్ దానికి బెత్లెహేమ్ అని పేరు పెట్టాడు. క్రీస్తు పుట్టుక కథను బొమ్మలతో, నాచుతో, చెట్ల మోళ్లతో, రాళ్లతో పేర్చి చూపించే అలవాటు వాళ్లది. దాన్ని పుట్జ్ అంటారు. మంచు పడకముందే పిల్లల్ని వెంటేసుకుని అడవికెళ్లి నాచు ఏరుకొచ్చేవారు. పండగ రోజుల్లో ఒకరింటి పుట్జ్ చూడడానికి ఇంకొకరు వెళ్లేవారు. పశువుల పాక చుట్టూ క్రమంగా మిల్లు, వంతెన, బడి, ఆ ఊరి వీధులే చేరాయి. పాలస్తీనా కథలో పెన్సిల్వేనియా కొండలు వచ్చి కూర్చున్నా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అలాంటి చోటికి రైలు రావడానికి పెద్ద తలుపేమీ తెరవక్కర్లేకపోయింది.

రైలు వచ్చింది దుకాణం అద్దాల వెనక నుంచి. 1900లో న్యూయార్క్‌లో జాషువా లయనెల్ కోవెన్ స్థాపించిన లయనెల్ కంపెనీ మొదట చేసింది పిల్లల బొమ్మ కాదు. దుకాణం ముందు జనాన్ని ఆపడానికి, సరుకు మోస్తూ గుండ్రంగా తిరిగే ఓ చిన్న పెట్టె. జనం ఆగారు, కానీ సరుకు వదిలేసి పెట్టెనే అడిగారన్నది ఆ కంపెనీ చరిత్రలో చెప్పుకునే కథ. ఆ తర్వాత ఇళ్లకు కరెంటు రావడం, చెట్టుకు కొవ్వొత్తుల బదులు బల్బులు రావడం, చెట్టు కింద రైలు తిరగడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. కంపెనీలు కూడా రైలునూ క్రిస్మస్‌నూ విడదీయరానంతగా ప్రచారం చేశాయి. 1957లో లయనెల్ ఆడపిల్లల కోసమని గులాబీ రంగు ఇంజనుతో ఓ సెట్టు తెచ్చింది, అది అమ్ముడుపోలేదు. నల్లటి ఇంజను అన్నయ్యకూ గులాబీది చెల్లాయికీ అని విడదీయడం ఎవరికి తట్టిందో గాని, చెట్టు కింద చేరిన పిల్లలందరికీ కావలసింది ఒకే రైలు. ఇప్పుడా గులాబీ సెట్టు కోసం సేకర్తలు పోటీ పడుతున్నారు.

ఇక కట్టడం సంగతి. మొదట తేల్చుకోవలసింది పట్టా కొలత. చెట్టు కింద ఎక్కువగా కనిపించే కొలత ‘ఓ’ (O) గేజ్. పట్టాల మధ్య ఎడం ఒకటింపావు అంగుళం, స్కేలు 1:48, అంటే అసలు అడుగు ఇక్కడ పావు అంగుళం. ఆరడుగుల మనిషి అంగుళన్నర బొమ్మ అవుతాడు. హెచ్‌ఓ దీనికంటే చిన్నది, 1:87. బల్ల మీద తక్కువ చోటులో ఎక్కువ ఊరు పడుతుంది గాని, నేల మీద పెడితే పిల్లి తోక తగిలినా పెట్టె పట్టా తప్పుతుంది. జి గేజ్ బాగా పెద్దది, చెట్టు చుట్టూ తిరిగితే చూడముచ్చటగా ఉంటుంది, ఊరికి మాత్రం చోటు మిగలదు.

ఓ గేజ్‌లో లయనెల్ పట్టాకు మూడు కమ్మీలు. నిజం రైలుకు లేని ఆ మధ్య కమ్మీ కంటికి ఇంపుగా ఉండదన్నది నిజమే, కానీ అందులో ఓ సుళువుంది. మధ్య కమ్మీలోంచి కరెంటు వస్తుంది, పక్క కమ్మీల్లోంచి తిరిగి పోతుంది. రెండు కమ్మీల పట్టాను వెనక్కి మళ్లించి, వచ్చిన దారిలోనే ఎదురుగా కలిపితే కుడి కమ్మీ ఎడమ కమ్మీని తాకి షార్ట్ అవుతుంది. దాన్ని తప్పించాలంటే వైరింగ్ తెలిసిన పెద్దవాళ్లు కావాలి. మూడు కమ్మీలుంటే ఎటు తిప్పి ఎక్కడ కలిపినా మధ్యది మధ్యదాన్నే తాకుతుంది. పదేళ్ల పిల్లాడు తనకు తోచినట్టు పట్టాలు పేర్చుకోవచ్చు. పండగ రోజుల్లో ఇంతకంటే ఏం కావాలి?

మలుపుల్ని వృత్తం వ్యాసంతో కొలుస్తారు. ఓ27 అంటే 27 అంగుళాలు, ఓ36 అంటే 36. చెట్టు స్టాండు మధ్యలో పోగా ఊరికి జానెడు చోటైనా మిగలాలంటే 36 తీసుకోవడం మంచిది. పొడుగు పెట్టెలు ఇరుకు మలుపులో తిరగవు, తిరిగినా పక్కనున్న ఇంటి మూలను గీసుకుంటూ పోతాయి. అందుకే ఇళ్లు అతికించకముందే అన్నిటికంటే పొడుగు పెట్టెను చేత్తో ఒక చుట్టు నెట్టి, దాని మూలలు ఎంత బయటికొస్తున్నాయో పెన్సిలుతో గీసుకోవాలి.

అడుగున ప్లైవుడ్ చెక్క, దానిమీద రెండంగుళాల గట్టి ఫోమ్ పలక, ఇళ్ల గోడలకు వేడి ఆపడానికి అక్కడ వాడతారే, అదే. కత్తితో కోస్తే కొండ అవుతుంది, గుచ్చితే వైరుకు దారవుతుంది. దీనికి స్ప్రే రంగులు, ఘాటు వాసన వచ్చే జిగుళ్లు పనికిరావు, ఫోమ్ కరిగి గుంటలు పడుతుంది. నీళ్లలో కలిసే రంగులే వాడాలి. కొత్తవాళ్లందరూ మనసుపడేది వంతెన మీద. ఒక రైలు కింద, ఒకటి పైన. లెక్క వేసి చూడండి. ఓ గేజ్‌లో కింది రైలు దూరాలంటే కనీసం అయిదంగుళాల ఎత్తు కావాలి. నూరంగుళాలకు నాలుగంగుళాలు ఎక్కించినా, అది బొమ్మ ఇంజనుకు గట్టి ఎగువే, ఎక్కడానికి పదడుగులకు పైగా పట్టా, దిగడానికి అంతే. మామూలు హాల్లో చెట్టు చుట్టూ అంత చోటెక్కడిది! రైలును నేల మీదే ఉంచి ఊరిని ఎత్తు మీద పెట్టడం తెలివైన పని. చర్చి కొండ మీద, బజారు మధ్య మెట్టు మీద, స్టేషను పట్టా పక్కన. పెద్ద ఇళ్లు ముందు, చిన్నవి వెనక పెడితే అయిదడుగుల చెక్కకు కూడా దూరం వస్తుంది.

ఈ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనవి ఇళ్లు. 1920లు, 30లలో జపాన్ నుంచి అట్ట ఇళ్లు ఓడల్లో అమెరికాకు వచ్చేవి, చవక దుకాణాల్లో చిల్లర పైసలకు అమ్మేవారు. వాటి పేరూ పుట్జ్ ఇళ్లే. అరచేతిలో పట్టే ఇల్లు, కిటికీకి ఎర్ర సెల్లోఫేన్ కాగితం, కప్పు మీద మెరుపు పొడి, వెనక గోడకు గుండ్రటి కంత. ఆ కంతలోంచి చెట్టు దీపాల తీగలో ఒక బల్బు దూర్చాలి. అప్పటి తీగల్లో ఎనిమిది బల్బులు వరసగా కలిపి ఉండేవి, ఒక్కటి ఆరితే ఎనిమిదిళ్లూ చీకటి. గుమ్మం పక్కన అంగుళం ఎత్తు పచ్చటి చెట్టు. ఆ చెట్టు దేనితో చేశారనుకున్నారు? మనం ఒళ్లు రుద్దుకునే బీరపీచుతో. ఎండిన పీచుకు ఆకుపచ్చ రంగు పట్టించి, తుంపి, అతికించేవారు.

వీటిని ఇంట్లో చేసుకోవడం కష్టమేం కాదు. బిస్కెట్ల డబ్బా అట్ట చాలు. నాలుగు గోడలూ ఒకే పట్టీగా గీసి, మడత పడేచోట కత్తి మొనతో సగం లోతు గీత పెట్టాలి. పూర్తిగా తెగితే మూల వదులవుతుంది, గీయకపోతే మడత ఉబ్బుతుంది. మడవకముందే కిటికీలు కోసి లోపలి వైపు నుంచి కాగితం అంటించాలి. కప్పును గోడలకు అరంగుళం బయటికి వాలేలా పెడితే మంచు బరువు మోస్తున్న ఇల్లులా ఉంటుంది. తెల్ల రంగు తడి ఆరకముందే మెరుపు పొడి చల్లి, ఇల్లు తలకిందులు చేసి ఓసారి తట్టాలి. లోపల ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, పాత బల్బు వేడికి అట్ట మాడుతుంది. అదీ పసుపు ఛాయ వెలుగునిచ్చేది. తెల్లటి ఎల్‌ఈడీ పెడితే ఇల్లు కాస్తా మందుల షాపులా కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫిలడెల్ఫియాకు చెందిన బాక్‌మన్ కంపెనీ ప్లాస్టిక్‌విల్ పేరుతో జిగురు అక్కర్లేకుండా ఒకదాంట్లో ఒకటి బిగుసుకునే ఇళ్లు తెచ్చింది. పండగ అవగానే గోడలు ఊడదీసి పలచటి డబ్బాలో పేర్చేసుకోవచ్చు. 1976 నుంచి డిపార్ట్‌మెంట్ 56 వాళ్ల పింగాణీ ఇళ్లు వచ్చాయి. చూడ్డానికి బాగుంటాయి గాని ఆ ఊరి మనుషులు తమ ఇళ్ల గుమ్మాల్లో దూరలేరు, బొమ్మల కొలత వేరు, ఇళ్ల కొలత వేరు. అయితే ఏం? దీపాలు వెలిగించి గదిలో లైటు ఆర్పితే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మంచు వేయడంలో అతి పనికిరాదు. దూదో తెల్ల దుప్పటో పరవడం పాత పద్ధతి. పైన పొడి చల్లాలనుకుంటే నీళ్లు కలిపిన తెల్లజిగురు పూసి చల్లి, ఆరాక అంటుకోని పొడిని వాక్యూమ్‌తో లాగేయాలి. మంచు అన్నిచోట్లా ఒకేలా పడదు. చూరు కింద, గుబురు చెట్టు మొదట్లో నేల కనిపిస్తుంది, పొగగొట్టం చుట్టూ కరిగి ఉంటుంది. ఈ మూడు చోట్ల వదిలేస్తే మిగతాదంతా కన్ను తనే నమ్మేస్తుంది. పట్టాకు అటూ ఇటూ మాత్రం ఒక్క రేణువు కూడా వదులుగా ఉండకూడదు.

రైలు ఆగిపోయిందంటే పదింట తొమ్మిదిసార్లు కారణం పట్టా మీదే ఉంటుంది. వెనకటి రోజుల్లో చెట్టు నిండా లోహపు టిన్సెల్ వేలాడదీసేవారు. ఒక్క పోగు జారి మధ్య కమ్మీకీ పక్క కమ్మీకీ అడ్డంగా పడితే చాలు, చిటుక్కుమని మిణుగురు లేచి ఊరంతా నిలిచిపోయేది. తాతలు బోర్లా పడుకుని టార్చిలైటుతో ఆ పోగు వెతికిన కథ పెన్సిల్వేనియా, మేరీల్యాండ్‌లలో ఇంటింటికీ ఉంది. ఇప్పుడు టిన్సెల్ తగ్గింది, చెట్టు సూదులు, తివాచీ నూలు మిగిలాయి. అవి ఇరుసులకు చుట్టుకుని పళ్లచక్రాల్లోకి పోతాయి, అందుకే రైలును తివాచీ మీద నేరుగా నడపకూడదు. పట్టా నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. అవతలి కొసన రైలు నీరసపడితే ఇంజన్ను అనుమానించకముందు అక్కడికి ఇంకో జత వైర్లు లాగి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్‌ను చెట్టు కుదురులోని నీళ్లకు దూరంగా పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు. అమెరికా నుంచి సెట్టు తెచ్చుకునే మనవాళ్లకు మాత్రం ఒక మాట. అక్కడి పాత ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఆ పూటే మాడిపోతుంది. కొత్తవాటి అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసుందో చదివి పెట్టండి.

కొన్ని ఊళ్లు విప్పడానికి ఒప్పుకోలేదు. పెన్సిల్వేనియాలోని బ్రూక్‌విల్‌లో చార్ల్స్ బౌడిష్ 1920 క్రిస్మస్ ముందురోజు సోదరుడి పెళ్లికి వచ్చినవాళ్లకు చూపించిన బొమ్మ ఊరు ఏటేటా పెరిగి, 1954లో పిట్స్‌బర్గ్ చేరి, ఇప్పుడు అక్కడి సైన్స్ సెంటర్‌లో శాశ్వతంగా ఉంది. లారెన్స్ గీరింగర్ కట్టిన బొమ్మ ఊరు రోడ్‌సైడ్ అమెరికా దశాబ్దాలపాటు టికెట్టు మీద నడిచి 2020లో మూతపడింది. బాల్టిమోర్‌లో అగ్నిమాపక కేంద్రాల్లో సిబ్బందే ‘రైలు తోటలు’ అనే ఇలాంటి బొమ్మ ఊళ్లు వేసి ఊరివాళ్లకు చూపిస్తారు. 1992 నుంచి న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో పాల్ బస్సీ స్థాపించిన బృందం బెరడు, గింజలు, కొమ్మలతో ఆ నగరపు మేడల్ని చేసి వాటి మధ్య రైళ్లు నడుపుతోంది. ఇవన్నీ వెళ్లి చూడదగ్గవే. అయినా జనం వాటిని తాళ్లకు ఇవతల నిలబడి చూస్తారు. ఇంట్లోదాన్ని పిల్లలు పొట్ట మీద పడుకుని, గడ్డం పట్టా పక్కన ఆనించి, ఇంజను మొహంలోకి చూస్తారు. 1947లో లయనెల్ తెచ్చిన పాల పెట్టెలో బొత్తం నొక్కితే తలుపు తెరుచుకుని తెల్ల బట్టల మనిషి పాలక్యాన్ బయటికి తోస్తాడు. క్యాన్లయిపోతే మళ్లీ పైన నింపాలి. ఆ నింపే పని కోసం పిల్లలు కొట్టుకుంటారు. మ్యూజియంలో ఆ పని చేయనివ్వరు.

విప్పేది చాలా ఇళ్లలో జనవరి 6 తర్వాత. విప్పే ముందు పైనుంచొకటి, అడుగున వైర్లదొకటి ఫోటోలు తీసుకోవాలి. ఏ వైరు ఎక్కడిదో కాగితం చీటీ కట్టాలి. చక్రాలకు చుట్టుకున్న నూలు చిన్న పట్టకారుతో లాగి, ఇరుసులకు ఒక్కో చుక్క నూనె వేసి, ఇంజన్ను పడుకోబెట్టకుండా నిలబెట్టే పెట్టెలో ఉంచాలి. అట్ట ఇళ్లను పాత వార్తాపత్రికల్లో చుట్టొద్దు, సిరా తెల్ల కప్పులకు అంటుకుంటుంది. తెల్లటి పలచ కాగితం వాడి, ఒక్కో ఇంటి పొట్టలో కాస్త నలిపిన కాగితం కూరితే గోడలు లోపలికి వంగవు. వేసవిలో అటక వేడికి జిగురు వదులుతుంది, వీలైతే మంచం కింద పెట్టుకోండి. పెట్టె మూత మీద లోపల ఏ ఇళ్లున్నాయో రాయాలి. ఆ ఏడు కొత్తగా చేరింది ఏదో, ఎవరు చేశారో కూడా ఇంటి అడుగున పెన్సిలుతో రాసి తేదీ వేస్తారు.