పేలు పట్టిన ఎలుకలు

లూసీ విల్స్ ఎలుకలకు పేలు పట్టాయి. వైద్య చరిత్రలో ఆమె పేరు నిలిచింది వేరే పనికి. నాకు మాత్రం ఆవిడ పనితనం మీద గురి కుదిరింది ఈ పేల దగ్గరే.

1928లో డాక్టర్ మార్గరెట్ బాల్ఫోర్ పిలుపు మీద ఇంగ్లండు వైద్యురాలు విల్స్ బొంబాయి వచ్చింది. ప్రసూతి మరణాల మీద విచారణ. మకాం పరేల్‌లోని హాఫ్కిన్ సంస్థ. అక్కడికి కామాఠిపుర ఎంతో దూరం కాదు. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లెత్తిన మన కామాఠీల వల్లే ఆ పేటకు ఆ పేరు. ఇటు మిల్లుల్లో పద్మశాలీలు సాంచాలు నడుపుతున్నారు. సర్కారు అప్పుడే కట్టించిన బీడీడీ చాళ్లలో ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. వంట అందులోనే, పడక అందులోనే. మగవాళ్లు తిన్నాక మిగిలిందే చూలింత కంచంలోకి.

విల్స్ మొదట చూసింది ఆ కంచాన్నే. నగరంలో ఏ వర్గం ఆడవాళ్లు ఏం తింటున్నారో, గర్భంతో ఉండగా ఎవరి రక్తం పలచబడుతోందో పక్కపక్కన పెట్టి చూసింది. పేద ముస్లిం స్త్రీల తిండి అన్నిటికన్నా నాసి, జబ్బూ వాళ్లలోనే ఎక్కువ. ఎర్ర కణాలు ఉండాల్సిన దానికన్నా ఉబ్బి, లెక్కకు తగ్గిపోతున్నాయి. ‘పేదరికం’ అని రాసి ఫైలు కట్టేయవచ్చు. ఆమె కట్టలేదు. ముందు మలపరీక్షలు చేసి, క్రిముల వల్ల కాదని తేల్చుకుంది. ఆ తర్వాత ఆ ఆడవాళ్లు తినే తిండే ఎలుకలకు పెట్టింది.

ఎలుకలకు రక్తం తగ్గింది. చూలు ఎలుకలు ఈనకముందే చచ్చిపోయాయి. తిండిలో ఈస్ట్ కలిపితే జబ్బు రాలేదు. తొందరపడే మనిషికి ఈపాటికే వ్యాసం సిద్ధం. కానీ ఎలుకల ఒంటి మీద పేలున్నాయి. ఎలుక పేను బార్టొనెల్లా అనే క్రిమిని మోస్తుంది, అదొక్కటే చాలు ఎలుకకు రక్తం విరగడానికి. మరి చంపింది తిండా, పేనా?

మగ్గం మీద ఒక పోగు తెగితే గుడ్డ అమ్ముడుపోవచ్చు, నేసినవాడికి మాత్రం తెలుస్తుంది. విల్స్ పని మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి రీసస్ కోతుల మీద. అదే తిండి, అదే ఉబ్బిన కణాల రక్తహీనత. మార్మైట్ అనే చవకరకం ఈస్ట్ ముద్ద పెడితే తేరుకున్నాయి. ఆడవాళ్లూ తేరుకున్నారు. 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సంగతి అచ్చయింది. తర్వాతి ప్రయోగాల్లో మరో ముడి విప్పింది: ముతక కాలేయ సారం పనిచేస్తోంది, బాగా శుద్ధి చేసింది చేయడం లేదు. అంటే శుద్ధిలో ఏదో జారిపోతోంది. పేరు లేని ఆ వస్తువును లోకం ‘విల్స్ ఫ్యాక్టర్’ అంది.

అదే ఫోలిక్ ఆమ్లం. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది లెడర్లీ ప్రయోగశాల, దాని పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ అణువును ఓ మూల కాస్త మార్చి ఆ బృందమే అమైనోప్టెరిన్ చేసింది. పిల్లల లుకేమియాను కొన్నాళ్లపాటైనా వెనక్కి నెట్టిన మందది. గర్భిణి మింగితే పిండాన్ని పాడుచేసే మందూ అదే.

అందుకే ఇప్పుడు ప్రశ్న తిరగబడింది: లోపం ఏమిటని కాక, మందు కడుపులో బిడ్డను ఏం చేస్తుందని. అరికాళ్ల మంటలకు, నరాల నొప్పికి రాసే ప్రిగాబాలిన్‌నే చూడండి. చూలు ఎలుకలకు కిలో బరువుకు 500, 1250, 2500 మిల్లీగ్రాముల చొప్పున మూడు మెట్లలో ఇచ్చారు. పై రెండు మెట్లలో పిల్లల పుర్రె ఎముకలు వేళకు ముందే అతుక్కున్నాయి. కింది మెట్టులోనూ ఎముకలు గట్టిపడటం ఆలస్యమైంది, అయితే ఆ కింది మెట్టులోనే రక్తంలో మందు, రోజుకు 600 మిల్లీగ్రాములు మింగే మనిషికన్నా సుమారు 17 రెట్లు. మగ ఎలుకల్లో వీర్యకణాలు తగ్గాయి, మందు ఆపితే కోలుకున్నాయి. మగవాళ్లకు మూడు నెలలిచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎన్నో రెట్ల మోతాదు దాకా ఎక్కడం నాకు మొదట మొరటుగా తోచింది. హాని ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే అది కంటబడేదాకా మెట్లెక్కాల్సిందే.

ఎలుక చెప్పలేనిది ఆసుపత్రి రికార్డులు చెప్పాయి. నార్డిక్ దేశాల్లో తొలి మూడు నెలల్లో ఈ మందు వాడిన తల్లుల బిడ్డల్లో 100కి 5.9 మందికి పుట్టుకతో పెద్ద లోపాలు కనిపించాయి, వాడని తల్లుల బిడ్డల్లో 4.1 మందికి. 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ డాక్టర్లకు హెచ్చరిక పంపింది ఈ అంకెలు చూసే.