పగటికి గంప, రాత్రికి గూడు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల పల్లెల్లో పెరటి కోళ్లకు ఉన్న విలువ సంతలో వాటికి పలికే ధరతో తేలేది కాదు. పోచమ్మకో మైసమ్మకో మొక్కు చెల్లించాలన్నా, అల్లుడు వచ్చిన పూట కూర వండాలన్నా, చేతిలో పైసలు ఆడనప్పుడు ఒక పుంజును అమ్ముకోవాలన్నా వాకిట్లో తిరిగే నాలుగు కోళ్లే ఆధారం. పైగా వాటిపై పెత్తనం చాలా ఇళ్లలో ఆడవారిదే కనుక, ఆ రాబడి కూడా వారి చేతికే వస్తుంది. అందువల్ల ఒక రాత్రి రెండు పెట్టలు పోయిన ఇంట్లో పోయినవి రెండు కోళ్లు మాత్రమే కావు, అవి పెట్టవలసిన గుడ్లు, పొదిగి లేపవలసిన పిల్లలు, అంటే రాబోయే ఏడాది మంద సగానికి సగం పోయినట్టే లెక్క.

ఈ నష్టానికి మూలం ఈ నేల స్వభావంలోనే ఉంది. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట, గాంధారి, మాచారెడ్డి మండలాల ఊళ్లూ తండాలూ అనేకం ఆకురాల్చే అడవి అంచున, తునికి, మోదుగ, టేకు చెట్ల నడుమ ఉన్నాయి. ఒకప్పుడు నిజాం వేటస్థలంగా ఉండి, 1922లో పూర్తయిన పోచారం జలాశయం పేరుతో నేడు వన్యప్రాణుల అభయారణ్యంగా ఉన్న సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి ఎల్లారెడ్డి దిక్కు నుంచి మెదక్ వైపు పరుచుకొని ఉంది. చిరుత మాట అందరినీ భయపెట్టినా, కోళ్ల విషయంలో దానికి పెద్ద పాత్ర లేదు. అసలు పోటీ అడవిపిల్లి, ముంగిస, నక్క, మానుపిల్లి, పందికొక్కు, పాము, గద్ద, డేగలతోనూ, వాటికేమీ తీసిపోని ఊరకుక్కలతోనూ. ఇంటి వెనుక మక్క చేను మనిషెత్తు పెరిగిన నెలల్లో ఈ జంతువులకు వాకిలి దాకా చాటు దొరుకుతుంది కనుక, పెరటికీ చేనుకూ మధ్య కొంత నేలను బోడిగా ఉంచడం తెలివైన ఇళ్లవారు చేసే మొదటి పని.

కోళ్లు పోయిన తరువాత చేయవలసిన పని కొత్త తాళం కొనడం కాదు, చంపినదేదో పోల్చుకోవడం. ఎందుకంటే ఒకదానికి పనికివచ్చే అడ్డు మరొకదానికి పనికిరాదు. గూట్లో పలు కోళ్లు మెడ, తల దగ్గర కొరుకుడు గాయాలతో పడి ఉండి, మాంసం దాదాపు అలాగే మిగిలితే ముంగిస వంటి చిన్న వేటగాడిని అనుమానించాలి. ఒకే కోడి మాయమై, ఈకలు కంచె దాకానో చేని గట్టు దాకానో వరుసగా రాలి ఉంటే అది అడవిపిల్లి లేదా నక్క పని. వాకిలంతా ఈకలు చెల్లాచెదరై, కోళ్లు చీల్చబడి, తినకుండానే వదిలేసి ఉంటే ఆ నేరం చాలాసార్లు ఊరకుక్కలదే, అడవిది కాదు. ఏ గుర్తూ లేకుండా గుడ్లూ పిల్లలూ తరిగిపోతుంటే పాము మింగిందని తలచాలి. పిల్లలు మాత్రమే పోతూ గోడ మూలన కొత్త మట్టి కుప్ప కనిపిస్తే పందికొక్కు బొరియ వెతకాలి. పట్టపగలు వాకిట్లోంచి పిల్ల పోతే గద్ద తన్నుకుపోయిందనడంలో సందేహానికి తావు తక్కువ, అయితే కాకి కూడా ఈ విషయంలో అమాయకురాలు కాదు. ఒంటి మీద గాయమే లేకుండా కోళ్లు తూగి తూగి చనిపోతుంటే అది వేట కాదు, కొక్కెర తెగులు. దానికి కావలసింది కంచె కాదు, టీకా. ఒకసారి తిండి దొరికిన చోటికి వేటజంతువు మరునాడో మూడోనాడో తిరిగి వస్తుంది కనుక ఈ పోల్చుకోవడం ఆ పగలే జరగాలి. గూటి ముందు చారెడు బూడిద చల్లి ఉంచితే వచ్చిన దాని అడుగులు తెల్లారేసరికి కనిపిస్తాయి.

సంప్రదాయ రక్షణలో రెండు పనిముట్లు ముఖ్యమైనవి, గంప, గూడు. వీటి పనులు వేరని మరచిపోవడమే నేటి నష్టాలలో చాలావాటికి కారణమని చెప్పవచ్చు. గంప అంటే మేదరులు వెదురు బద్దలతో సందులు వదిలి అల్లే, బోర్లించి వాడే పెద్ద బుట్ట. పిల్లల కోడిని, అంటే పిల్లలను వెంటేసుకొని తిరిగే తల్లిని, పిల్లలతో సహా దాని కింద ఉంచి, కదలకుండా పైన ఒక రాయి పెడతారు. బద్దల సందుల గుండా గాలీ వెలుతురూ ఆడతాయి, లోపల చల్లిన నూకలు పెద్ద కోళ్ల పాలు కాకుండా పిల్లలకే అందుతాయి, ఆకాశం నుంచి దిగే గద్ద గోళ్లకు వెదురు అడ్డు నిలుస్తుంది. కానీ ఇది పగటి కోట. రాత్రివేళ అదే సందులోంచి పాము దూరుతుంది, ముంగిస మట్టి తవ్వుతుంది, కుక్క ఒక్క తోపుతో రాయితో పాటు గంపనే దొర్లిస్తుంది. గూడు కట్టే ఓపిక లేక గంప కిందే రాత్రి గడిపించిన ఇళ్లలో ఒక్కసారే పిల్లలన్నీ పోవడం అందుకే.

రాత్రికి గూడు. పాత మట్టి ఇళ్లలో ఇది విడిగా కట్టే వస్తువు కాదు, ఇంట్లోనే ఒక భాగం: అరుగు కిందనో గోడ వారనో ఒక తొర్ర వదిలి, లోపల మట్టి, పేడతో అలికి, కోడి తల వంచి దూరేంత వాకిలి మాత్రమే ఉంచి, దానికి నాపరాతి బండనో చెక్కనో మూతగా అమర్చేవారు. గూడు మనుషులు పడుకునే చోటికి ఆనుకొని ఉండడంలో ఉన్న మేలు తక్కువది కాదు, లోపల రెక్కల చప్పుడు మొదలుకాగానే ఎవరో ఒకరు లేస్తారు. సిమెంటు ఇల్లు వచ్చాక అరుగు పోయింది, దానితో గూడూ పోయింది; పెరటి మూలకు చేరిన రేకుల డబ్బా ఆ లోటును పూర్తిగా తీర్చలేకపోయింది. గూడు ఎంత గట్టిదైనా దాని బలం వేళను బట్టి ఉంటుంది. కోడికి మసక వెలుతురులో చూపు బాగా తగ్గుతుంది కనుక, పొద్దుగూకే ముందే గూటికి చేరుతుంది. ఆ వేళకు మూత వేయడం, వేసే ముందు లెక్క చూసుకోవడం, తెల్లవారి వెలుగు బాగా పరుచుకొనేదాకా తెరవకపోవడం ఈ పద్ధతి ప్రాణం. సంధ్యవేళల్లో తిరిగే నక్కకు ఆ అరగంట తేడాయే చాలు.

గూటి శుభ్రతకూ ఈ రక్షణకూ సంబంధం ఉంది. పేలు, గోమార్లు పట్టిన గూట్లోకి కోడి దూరదు, వేపచెట్టు కొమ్మెక్కి పడుకుంటుంది, అక్కడ మానుపిల్లికీ అడవిపిల్లికీ సులువుగా చిక్కుతుంది. అప్పుడప్పుడూ రెట్ట ఎత్తి, సందుల్లో బూడిద చల్లి, వేపాకు పొగ పెట్టడం అందుకే. చెట్టు మీదే పడుకొనే మొండి కోళ్లున్న చోట మానుకు మనిషెత్తున నున్నటి రేకు చుట్టితే పిల్లి గోళ్లకు పట్టు దొరకదు.

కొత్తగా గూడు కట్టేవారు ఇనుప జాలి వాడడం సహజమే, కానీ అన్ని జాలీలూ ఒకటి కావు. ఆరు మూలల కన్నులతో చుట్టలుగా దొరికే సన్నని కోళ్ల జాలి కోడిని లోపల ఉంచడానికే తప్ప కుక్కను బయట ఆపడానికి చేసింది కాదు. అరంగుళం కన్నులతో అతుకు వేసిన గట్టి జాలి అయితే పందికొక్కునూ చాలావరకు పామునూ ఆపుతుంది. తవ్వే జంతువులకు విరుగుడుగా జాలి అంచును గోడ దగ్గర ఆపకుండా, అడుగు వెడల్పున బయటివైపు నేల మీద పరచి, పైన మట్టి, రాళ్లు కప్పాలి. జంతువు సాధారణంగా గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, గోళ్లకు జాలి తగిలాక వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు.

పగటి కాపలాలో కోళ్లకూ పాత్ర ఉంది. గద్ద నీడ కదలగానే వచ్చే కూత ఒకటి, నేల మీద పిల్లినో కుక్కనో చూసినప్పటి కూత మరొకటి అని కోళ్ల కేకకే పనులాపి బయటికి వచ్చే ఆడవారికి ఎప్పుడో తెలుసు. 1993లో క్రిస్టఫర్ ఇవాన్స్, పీటర్ మార్లర్ తదితరులు ప్రకటించిన ప్రయోగాలు దీనినే శాస్త్రంగా నిరూపించాయి. రికార్డు చేసిన కూతలను వినిపించగా, వేటపక్షిని చూసి వేసిన కూతకు కోళ్లు చాటుకు పరుగెత్తి పైకి చూశాయి, నేల జంతువును చూసి వేసిన కూతకు మెడ నిలిపి చుట్టూ చూశాయి. అయితే చాటు లేని బోడి వాకిట్లో ఆ కూతకు ఫలం లేదు; ఒక జామ చెట్టో కొన్ని కంప మండలో నిలిపిన నులక మంచమో ఉంటే పిల్లలకు దాక్కునే చోటు దొరుకుతుంది.

పగ తీర్చుకోవాలన్న కోపంతో మాంసంలో పురుగుమందు గుళికలు కలిపి పెట్టడం, కంచెకు కరెంటు తగిలించడం అక్కడక్కడా జరుగుతున్నవే. అడవిపిల్లి, నక్క, ముంగిస, ఉడుము వంటివన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవులు కనుక వాటిని చంపడం నేరం. ఆ విషం ఇంటి కుక్కకూ, ఆ తీగ పొలానికి వెళ్లే మనిషికీ ప్రాణాంతకం. ముంగిస పోయిన పెరట్లో ఎలుకలూ పాములూ పెరుగుతాయన్నది వేరే లెక్క.

ఇప్పుడు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు ఈ పల్లెలకూ చేరాయి. పొడవైన కాళ్లు, రంగురంగుల ఈకలు వనరాజాకు వేటజంతువుల నుంచి తప్పించుకోవడానికి తోడ్పడతాయి, కానీ యంత్రంలో పొదిగిన పిల్లలకు తల్లి ఉండదు, గద్దను చూసి కూసేవారు ఉండరు. తొలి ఆరు వారాలు వెచ్చటి కొట్టంలో పెంచి వాకిట్లోకి వదలడం ఒక మార్గం. నాటుకోడి ఉన్న ఇళ్లలో మరొక మార్గముంది: 21 రోజులు పొదిగి తన పిల్లలను లేపుతున్న పెట్ట కిందికి, ఆ రాత్రే, చీకట్లో, ఒకరోజు వయసున్న కొత్త పిల్లలను మెల్లగా జరుపుతారు, తెల్లారేసరికి పెట్ట వాటిని తన పిల్లలుగా స్వీకరిస్తే, మరునాటి నుంచి దాని కూత వినగానే అవి కూడా రెక్కల కిందికి పరుగెత్తడం మొదలుపెడతాయి.