తూకంలో తేలే కాగితం

జిరాక్స్ కాగితం రీము మీద 75 జీఎస్ఎం అని అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె చూసి కొనేవాళ్లే ఎక్కువ, తూచి కొనేవాళ్లు అరుదు. కాగితమే కూడు పెట్టిన కాగజ్‌నగర్‌లో కూడా కాటా మీద రీము పెట్టమని అడిగితే వింతగానే చూస్తారు. నిజానికి ఈ పరీక్షకు ల్యాబు అక్కర్లేదు, కిరాణా కొట్టు కాటా చాలు.

చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే జీఎస్ఎం. ఏ4 షీట్లు పదహారు పరిస్తే దాదాపు చదరపు మీటరు అవుతుంది. కాబట్టి పదహారు షీట్లు 75 గ్రాములకు దగ్గరగా తూగాలి. కాటా అంత సన్నగా చూపదనుకుంటే రీము మొత్తం పెట్టొచ్చు. 500 షీట్లు 75 జీఎస్ఎం అయితే సుమారు 2 కిలోల 340 గ్రాములు, 70 అయితే 2 కిలోల 180, 80 అయితే రెండున్నర కిలోలు. పైకవరు బరువు దీనికి అదనం. 75 అని రాసి ఉన్న రీము 2 కిలోల 200 తూగిందంటే కాగితమైనా పలచనై ఉండాలి, షీట్లయినా తగ్గి ఉండాలి. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి కొంత బరువెక్కుతుంది గనుక ముసురు రోజున నిండుగా తూగిందని మురిసిపోకూడదు.

బరువు సరిపోయినంత మాత్రాన కాగితం మంచిదైపోదు. సిరా పెన్నుతో గీత గీస్తే సిరా పక్కలకు పాకిందంటే సైజింగ్ చాల్లేదన్నమాట. తయారీలో రోజిన్ లాంటివి కలిపి చేసే ఆ పనే కాగితం నీళ్లు తాగకుండా ఆపుతుంది. లైటుకు ఎదురుగా పట్టుకుంటే మబ్బు మచ్చలు కనబడ్డాయా, నార సమంగా పరుచుకోలేదు. షీటును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపితే ఒకవైపు తిన్నగా, ఇంకోవైపు వంకరగా చిరుగుతుంది. అది లోపం కాదు. మిల్లులో మిషన్ నడిచే దిక్కుకే నార ఎక్కువగా వరుస కడుతుంది, తిన్నగా చిరిగేదీ ఆ దిక్కునే.

జిరాక్స్ సెంటర్ల వాళ్లకు ఇవేవీ పట్టవు. మిషన్లో ఇరుక్కుంటుందా, లేదా? వాళ్లదీ న్యాయమైన పరీక్షే, కాకపోతే ఎండాకాలంలో చేస్తే అరకొర. వానల్లో కవరు విప్పి రాత్రంతా వదిలేసిన రీము అంచులు వంకర తిరిగి, ఎంత మంచి కంపెనీదైనా తెల్లారి మొరాయిస్తుంది. తప్పు కాగితానిదా, దాచిన తీరుదా అని తేల్చుకోకుండా బ్రాండు మార్చేస్తే మార్చిందీ ఇరుక్కుంటుంది.

అన్నీ బాగున్న కాగితం రేపూ దొరుకుతుందా అన్నది వేరే ప్రశ్న. నిజాం కాలంలో 1938లో పుట్టి 1942లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయింది. 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లాకే మళ్లీ కదిలింది. ఆ నాలుగేళ్లూ కాగితం కొనేవాళ్లు ఇంకో మిల్లు సరుకు చూసుకున్నారు. మిల్లు జీతం మీద ఇల్లు గడిపినవాళ్లకు ఊళ్లో ఇంకో మిల్లు లేదు. నాణ్యత గురించి రాసేవన్నీ కొనేవాడి పక్కనే నిలబడి మాట్లాడతాయి, ఈ కాలమ్ కూడా అంతే. నమ్మకం చెడినప్పుడు ఎక్కువ నష్టపోయేది మాత్రం చాలాసార్లు అమ్మేవైపు పనిచేసే మనిషి.

కాగజ్‌నగర్ చుట్టుపక్కల పత్తి రైతులకు కాటా సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొలంలో మోటరు కాలి వైండింగుకు ఇచ్చినప్పుడు కూడా కాటా పనికొస్తుంది, పాత తీగ తూచి లెక్క అడగాలి, కొత్త తీగ కొస కత్తిరించి చూడాలి. కోసిన చోట లోపలి దాకా ఎర్రగా ఉంటే రాగి. పైన ఎరుపు, లోపల తెలుపు అయితే రాగి పూత వేసిన అల్యూమినియం. కరెంటును పారనిచ్చే గుణంలో అల్యూమినియం రాగికి మూడింట రెండు వంతుల కంటే తక్కువే. అదే మందం తీగతో చుట్టేస్తే మోటరు వేడెక్కి మళ్లీ షాపుకొస్తుంది.

కొన్నిటికి ఇంట్లో పరీక్ష లేదు. ప్రెషర్ కుక్కరు తట్టుకుంటుందో లేదో వంటింట్లో తేల్చుకునే సంగతి కాదు, అక్కడ ముద్రే దిక్కు. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, చెల్లుతోందో లేదో తెలుస్తుంది. నంబరు లేని గుర్తు వట్టి బొమ్మ. గ్యాస్ సిలిండరు మీద కూడా ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ, బీ, సీ, డీ అంటే ఏడాదిలో మూడేసి నెలలు. సీ-28 అని ఉంటే 2028 సెప్టెంబరు లోపు ఆ సిలిండరుకు మళ్లీ పరీక్ష చేయించాలి. గడువు దాటినదైతే తెచ్చిన అబ్బాయినే వాపసు తీసుకెళ్లమనొచ్చు.

పెట్రోలు బంకులో ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని ఎవరైనా అడగొచ్చు. దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, తేడా 25 మిల్లీలీటర్లు దాటకూడదు. కల్తీ అనుమానముంటే ఫిల్టర్ పేపర్ ఇవ్వమనాలి. నాజిల్ మూతి తుడిచి, ఆ కాగితం మీద ఒక్క చుక్క వేస్తే కాసేపట్లో ఆరిపోవాలి. ముదురు మరక మిగిలితే అనుమానించాల్సిందే. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడతారని చాలామంది అడగరు. పొద్దున్నే వెళ్తే ఆ గొడవ ఉండదు.